లీవర్ సగంలో ఆగితే: మేనల్లుడికో ఉత్తరం

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. నీ లీవర్ రైఫిల్లో (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ని కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించే రకం) లీవర్ సగంలో బిగుసుకుపోతోంది, లోపల ఆకురాయితో కాస్త అరగదీయనా అని అడిగావు. వద్దు. ఆకురాయి డబ్బాలో పడేసి ముందు ఇది చదువు. ఒకప్పుడు నేనూ అలాగే అరగదీసి చేతులు కాల్చుకున్నాను, ఆ సంగతి కింద చెబుతాను.

అన్నిటికంటే ముందు తుపాకీ ఖాళీ చెయ్యి. గొట్టం మ్యాగజైన్ (తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండే గొట్టం) ఉన్న తుపాకీ ఖాళీ అయిందో లేదో లీవర్ నాలుగుసార్లు ఆడిస్తే తేలదు. లోపల స్ప్రింగ్ ఎక్కడైనా తట్టుకుని ఆగిందంటే, ఆఖరి తూటా గొట్టంలోనే కూర్చుంటుంది. తర్వాతెప్పుడో తుపాకీ కదిలితే జారి వస్తుంది. అందుకని బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక మూసే ముక్క) తెరిచి, పేలేముందు తూటా కూర్చునే ఛాంబర్‌ని వేలితో తడుము. పక్కనున్న లోడింగ్ గేట్‌ని (తూటాలు లోపలికి పెట్టే చిన్న తలుపు) లోపలికి నొక్కి, టార్చ్ వేసి, గొట్టం నోట్లో ఫాలోయర్ (స్ప్రింగ్ చివరుండి తూటాల్ని తోసే ముక్క) కనబడుతోందేమో చూడు. అనుమానం ఉంటే గొట్టం చివరి మూత విప్పి స్ప్రింగే బయటికి తీసెయ్యి. విప్పేటప్పుడు మొహం పక్కకి పెట్టుకో, అది ఎగిరి వస్తుంది.

నిజం తూటా లోపల ఇరుక్కుని ఉంటే లీవర్ని బలంగా గుంజకు. తుపాకీ మూతి మనుషులు లేని వైపుకే ఉండాలి, వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు. మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించినా రాకపోతే, తెలిసిన మెకానిక్‌ని నీ దగ్గరికే పిలిపించు. కొన్ని మోడళ్లలో లీవర్ ఇరుసు స్క్రూ ఒక్కటి విప్పితే లీవరూ బోల్టూ ఊడి వచ్చేస్తాయి, ఇరుక్కున్నది దానంతటదే బయటపడుతుంది. కొన్నిట్లో అంత సులువు కాదు. నీది ఏ రకమో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ ముట్టకు.

ఇక పరీక్షలన్నీ డమ్మీ తూటాలతోనే. మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేనివి, పొడవూ మూతి ఆకారమూ మాత్రం నువ్వు వాడే తూటాకి అచ్చు సరిపోయేవి కావాలి. ప్లాస్టిక్ డమ్మీల ఆకారం చాలాసార్లు వేరేగా ఉంటుంది. వాటిని నమ్ముకుంటే లేని జబ్బు కనబడుతుంది, ఉన్నది దాక్కుంటుంది.

ముందు నీ చెయ్యి సంగతి. తూటాని పైకెత్తే క్యారియర్, లీవర్ చివరిదాకా వెళ్లినప్పుడే పైకి లేస్తుంది. చివర్లో అంగుళం మిగిల్చి వెనక్కి లాగావంటే, అది సగంలోనే ఉంటుంది, బోల్ట్ వచ్చి తూటాని అడ్డంగా నొక్కేస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు ఇదే. గట్టిగా, చివరిదాకా, ఒక్క ఊపులో. తుపాకీ పాడవుతుందేమోనని మెత్తగా లాగడం వల్లే చాలాసార్లు ఇరుక్కుంటుంది.

అది కాకపోతే లీవర్ని చాలా నెమ్మదిగా తిప్పుతూ తూటా ఎక్కడ ఆగుతోందో చూడు. డమ్మీ బులెట్ (తూటాకి ముందున్న మూతి భాగం) మీద నల్ల మార్కర్ పూసి లోపలికి పంపు. బయటికి తీశాక రంగు ఎక్కడ గీసుకుపోయిందో అదే చెబుతుంది. అడుగున గీత పడితే మూతి ఛాంబర్ అంచుకి కొట్టుకుంటోందన్నమాట, క్యారియర్ చాలినంత లేవడం లేదు. ఒక పక్కనే పడితే గేట్ గానీ, పక్కనుండి తూటాకి దారి చూపే గైడ్ గానీ చూడాలి.

ఇప్పుడు నా కథ. నా పాత రైఫిల్లో రెండేసి తూటాలు ఒకేసారి బయటికి వచ్చి లీవర్ ఆగిపోయేది. ఛాంబర్ అంచు గరుకుగా ఉందని నేనే తేల్చేసి, రెండు సాయంత్రాలు కూర్చుని నున్నగా మెరిపించాను. జామ్ మాత్రం అలాగే ఉంది. తీరా చూస్తే, కుడివైపు లోడింగ్ గేట్ స్క్రూ ఒక చుట్టు వదులైంది. గేట్ కొంచెం కదలడం వల్ల తర్వాతి తూటా ఆగాల్సిన చోట ఆగలేదు. సరిగ్గా అమరే స్క్రూడ్రైవర్‌తో పావు నిమిషం పని. ఆ మెరుపు పెట్టిన అంచు ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది.

స్క్రూ బిగువుగానే ఉంటే క్యారియర్ అడుగు చూడు. బోల్ట్ తీసి, అక్కడ గోరుతో అడ్డంగా గీకు. గోరు తట్టుకుందంటే గాడి పడింది. లీవర్ ముందు మూల పదునుగా ఉన్న తుపాకీల్లో, ఏళ్ల తరబడి అది క్యారియర్ని తొలుస్తుంది. అప్పుడు క్యారియర్ వెంట్రుకవాసి తక్కువ లేస్తుంది, రెండో తూటా కిందనుంచి దూరుతుంది. ఆ మూల కాస్త గుండ్రం చేసి, క్యారియర్ మార్చడమో అరిగిన చోట నింపడమో చెయ్యాలి. ఈ పని నువ్వు చెయ్యకు.

తూటా పొడవు మీద చాలామంది శ్రద్ధ పెట్టరు, కానీ సగం తగాదా అక్కడే. 1873 విన్‌చెస్టర్ రకంలో క్యారియర్ దిమ్మ నిటారుగా లేస్తుంది. తూటా పొట్టిగా ఉంటే తర్వాతి తూటా అడుగు భాగం దిమ్మలోకి చొరబడుతుంది, పొడుగైతే దాని మూతే గొట్టంలో ఉండిపోతుంది. ఎలాగైనా దిమ్మ లేవదు. 1892లో బ్రౌనింగ్ డిజైన్‌తో వచ్చిన రకంలో క్యారియర్ వాలుగా లేస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. .357 మ్యాగ్నమ్ తూటాకి చేసిన రైఫిల్లో .38 స్పెషల్ తూటా కూడా పేల్చవచ్చు, నిజమే. కానీ మొదటిదాని గరిష్ఠ పొడవు 40.4 మిల్లీమీటర్లు, రెండోదాని గరిష్ఠం 39.4. ముక్కు కోసేసినట్టుండే టార్గెట్ తూటాలు ఇంకా పొట్టి, పైగా వాటి పదునైన అంచు ఛాంబర్‌కి తగులుకుంటుంది. గుండ్రంగా ఉండి చివర చదునైన మూతి అన్నిటికంటే హాయిగా వెళ్తుంది.

నువ్వే మందు నింపి తూటాలు తయారు చేసుకుంటున్నావు కాబట్టి ఇంకోటి చెయ్యి. నాలుగైదు పేల్చాక, గొట్టంలో మిగిలిన తూటా తీసి వెర్నియర్‌తో కొలిచి చూడు. స్ప్రింగ్ ఒత్తిడికీ కుదుపుకీ బులెట్ లోపలికి జరిగి ఉంటే క్రింప్ (బులెట్‌ని పట్టి ఉంచే గుల్ల అంచు బిగింపు) చాలడం లేదు. ఆ పొట్టిది పేల్చకు, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మొన సూదిగా ఉండే గట్టి బులెట్లు గొట్టంలో అసలు పెట్టకు. ఒకదాని మొన ముందున్నదాని ప్రైమర్ మీద ఆనుతుంది, ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేం. గొట్టం మ్యాగజైన్ కోసమే మెత్తటి మొనతో చేసినవి వేరే సంగతి.

అసలు తూటాయే రాకపోతే గొట్టం చూడు. బయట చిన్న నొక్కు పడినా ఫాలోయర్ అక్కడే ఆగుతుంది. లోపల నూనె ఎక్కువైతే దుమ్ముతో కలిసి జిగురవుతుంది. గుడ్డతో పొడిగా తుడువు, అంతే.

ఈ ఆదివారం డమ్మీలతో చేసి, మార్కర్ గీత ఎటువైపు పడిందో ఫోటో తీసి పంపు. గేట్ స్క్రూ కూడా దగ్గరగా ఒకటి తియ్యి. ఆకురాయి మాత్రం ఆ ఫోటోల్లో ఎక్కడా కనబడకూడదు.

నీ మావయ్య