పసుపు గదిలో కుంకుమ ఏ రంగు?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: కళాకారుడు ఒలాఫర్ ఎలియాసన్ 1997లో చేసిన ‘ఒకే రంగు గది’లోకి అడుగుపెడితే పసుపు, నలుపు తప్ప వేరే రంగు కనిపించదట. మా కాలేజీ వార్షికోత్సవానికి 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గదిలో అలాంటిది చేద్దామని ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాల) ఎల్ఈడీ స్ట్రిప్ బిగించి రిమోట్‌లో పసుపు పెట్టాం. గోడలు పసుపు రంగులోకి మారాయి కానీ ఎర్ర చున్నీ ఎర్రగానే, ఆకుపచ్చ చొక్కా ఆకుపచ్చగానే కనిపిస్తున్నాయి. తప్పెక్కడ? – ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, విశాఖపట్నం

జవాబు: తప్పు స్ట్రిప్‌లోనే ఉంది. ఆర్‌జీబీ స్ట్రిప్‌లో పసుపు దీపమే ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు పక్కపక్కన వెలిగితే ఆ కలయికను మన కన్ను పసుపనుకుంటుంది. చున్నీ అలా మోసపోదు. ఆ వెలుగులో ఉన్న ఎరుపును అది తిప్పి పంపుతుంది, చొక్కా ఆకుపచ్చను తిప్పి పంపుతుంది. ఎలియాసన్ గదిలోవి ఒకే తరంగదైర్ఘ్యం ఇచ్చే దీపాలు. అలాంటిదే అయిన తక్కువ పీడనపు సోడియం దీపం వెలుగు దాదాపు అంతా 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. రంగు తెలియాలంటే కంటిలో రంగులు పసిగట్టే మూడు రకాల శంకు కణాల సంకేతాలను మెదడు ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి. వచ్చేది ఒకే తరంగదైర్ఘ్యమైతే ఏ వస్తువును చూసినా ఆ సంకేతాల నిష్పత్తి మారదు. ఎక్కువ వెలుగా, తక్కువ వెలుగా అన్న తేడా ఒక్కటే మిగులుతుంది.

పాత వీధిదీపాల్లోని సోడియం బల్బులు తెచ్చుకోవద్దు. అవి ఎక్కువ పీడనంవి, చాలా రంగులు కలిసి ఉంటాయి. 590 నానోమీటర్ల ఆంబర్ (ముదురు పసుపు) ఎల్ఈడీ స్ట్రిప్ అని గట్టిగా అడగండి. ఆంబర్ పేరుతోనే ఫాస్ఫర్ (వెలుగును పలు రంగుల కలయికగా మార్చే పదార్థం) పూత పూసినవీ అమ్ముతారు. దీపం ఆర్పి దగ్గరగా చూస్తే వాటి మీద పసుపు లేదా నారింజ పూత కనబడుతుంది. అవి పనికిరావు. కొనేముందు ఒక పాత సీడీ పట్టుకెళ్లండి. అట్టముక్కకు సన్నటి చీలిక కోసి, దానిలోంచి వచ్చే వెలుగును సీడీ మెరిసే వైపు పడనిచ్చి వాలుగా చూడండి. ఒక్క సన్నటి పసుపు పట్టీ కనబడితే సరైన స్ట్రిప్. ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు విడివిడిగా కనబడితే మీరిప్పుడు బిగించిన రకమే.

మీ గది చుట్టుకొలత 44 అడుగులు, అంటే 13 మీటర్ల పైచిలుకు. 5 మీటర్ల చుట్టలు మూడు చాలు. మీటరుకు 60 చిన్న దీపాలున్న (3528 అనే సైజు) 12 వోల్టుల రకమైతే చుట్టకు సుమారు 24 వాట్లు, అంటే 2 ఆంపియర్లు. మూడింటికీ కలిపి 10 ఆంపియర్ల అడాప్టర్ పెడితే వేడెక్కకుండా నడుస్తుంది. మూడు చుట్టలనూ ఒకదాని కొసకు ఒకటి కలపకండి, చివరికొచ్చేసరికి వోల్టేజీ పడిపోయి ఆ మూల మసకబారుతుంది. ప్రతి చుట్టకూ అడాప్టర్ నుంచి విడిగా తీగ లాగండి. గోడలకు మెరుపు లేని తెల్ల రంగు వేయండి, దీపాలు నేరుగా కంట్లో పడకుండా అట్ట అంచు వెనక దాచండి.

ఇక అసలు పని. గది మధ్య ఒక పళ్లెంలో పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఒక తమలపాకు పెట్టండి. ఆ వెలుగులో పసుపేదో పిండేదో చెప్పడం కష్టమవుతుంది. కుంకుమ, ఆకు రెండూ ముదురు మచ్చలైపోతాయి. పళ్లెం మీద చిన్న 12 వోల్టుల తెల్ల ఎల్ఈడీ ఒకటి వేలాడదీసి, దానికి కాలింగ్ బెల్ స్విచ్ బిగించండి. నొక్కినంతసేపే తెల్ల వెలుగు, వేలు తీయగానే కుంకుమ మళ్లీ నల్లబడుతుంది. ఆ స్విచ్ సందర్శకుడి చేతిలో ఉంటేనే ఇది చూసే గది కాక ఆడుకునే గది అవుతుంది. అందుకే దాన్ని వాలంటీరు చేతికి ఇవ్వొద్దు.

ఇలాంటి గదులు ఎక్కువగా చెడేది బయటి వెలుగు దూరడం వల్లే. తలుపు కింద సందు, ఏసీ మీద చిన్న ఆకుపచ్చ దీపం, ఒక్క ఫోన్ తెర చాలు, రంగులు తిరిగొస్తాయి. ఫోన్లు బయటే పెట్టించండి. అత్యవసర ద్వారం బోర్డును మాత్రం ఆర్పకండి, కప్పకండి. నల్ల గుడ్డతో దారికి మలుపు కట్టి, ఆ బోర్డు మలుపు అవతలికి వచ్చేలా చూడండి. ఎల్ఈడీ వెలుగు సోడియమంత శుద్ధం కాదు కాబట్టి ముదురు ఎరుపులు కొంచెం ఎర్రగానే తోచవచ్చు. బయటికొచ్చినవాళ్లకు కాసేపు అన్నీ నీలంగా అనిపిస్తాయి. కన్ను పసుపుకు అలవాటు పడినందువల్ల వచ్చే సహజమైన మార్పది. అక్కడొక తెల్ల గోడ ఉంచితే అదీ ప్రదర్శనలో భాగమవుతుంది.

ప్రశ్న: వెలుగుతో పనిచేసే కళాకారుడు జేమ్స్ టరెల్ కట్టే, అంచులే కనబడని వెలుగు గది మా బడిలో చేయగలమా? – ఉపాధ్యాయిని, వరంగల్

జవాబు: గది వద్దు. 1980లో న్యూయార్క్‌లో టరెల్ ప్రదర్శనకు వచ్చినవాళ్లలో కొందరు, లేని గోడకు ఆనుకోబోయి పడి దెబ్బలు తగిలించుకుని దావాలు వేశారు. అదే అనుభవం కుర్చీలో కూర్చోబెట్టి ఇవ్వొచ్చు. 1951లో మనస్తత్వ శాస్త్రవేత్త హాక్‌బర్గ్, ఆయన సహచరులు టేబుల్ టెన్నిస్ బంతి చిప్పలతోనే ప్రయోగం చేశారు. అచ్చు లేని తెల్ల బంతిని రెండు చిప్పలుగా కోసి, అంచును గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ దూది అంటించి, పేపర్ టేపుతో కళ్ల మీద నిలపండి. ఎదురుగా 3 అడుగుల దూరంలో ఎర్ర ఎల్ఈడీ బల్బు ఉంచండి. కాసేపటికి ఆ ఎరుపు వెలిసిపోయి బూడిద రంగవుతుంది. మార్పూ అంచూ లేని వెలుగును మెదడు ఎక్కువసేపు పట్టించుకోదు.

ఎరుపు వెలవడం లేదంటే ముందు రెప్పవెంట్రుకలు చిప్పకు తగులుతున్నాయేమో చూడండి. బల్బు ఒక పక్కకు ఉన్నా ముక్కు నీడ పడుతుంది. ఆ నీడే అంచైపోయి కంటికి పట్టు దొరుకుతుంది. 10 నిమిషాలు మించనివ్వకండి, పిల్లల పక్కన ఒకరు కూర్చోండి. గాభరాగా ఉందనగానే టేపు తీసేయాలి.

ప్రశ్న: మినుకుమినుకుమనే స్ట్రోబ్ దీపంతో, కళ్లు మూసుకున్నా ఆకారాలు కనబడే ఏర్పాటు చేయొచ్చా? – లైటింగ్ పనివారు, తెనాలి

జవాబు: జనం వచ్చిపోయే చోట చేయకండి. 1959లో కళాకారుడు బ్రయాన్ గైసిన్ 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ మీద చిల్లుల గొట్టం తిప్పి సెకనుకు 8 నుంచి 13 మినుకులు తెప్పించాడు, ఆకారాలు కనబడిన మాట నిజమే. కానీ మినుకులు మూర్ఛను రేపగలవు, సెకనుకు 15 నుంచి 25 మధ్య ఆ ముప్పు మరీ ఎక్కువ. తమకా సమస్య ఉందని మొదటిసారి వచ్చేదాకా తెలియనివాళ్లూ ఉంటారు. గుమ్మంలో హెచ్చరిక బోర్డు పెట్టినా వాళ్లకు ఉపయోగం లేదు.