జీతం అక్కడే, దాచిందీ అక్కడేనా?

మైక్రోసాఫ్ట్‌లో తొమ్మిదేళ్ల నుంచి పని చేస్తున్నా, జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన షేర్లు ఒక్కటీ అమ్మలేదు, ఇప్పుడు నా పొదుపులో నూటికి ఎనభై అవే, కంపెనీకి ఇంకా మంచి రోజులున్నాయి కదా అలాగే ఉంచేయనా అని ఒకరు అడిగారు.

కంపెనీ గట్టిదేనండి, అందులో అనుమానం లేదు. 2014లో సత్య నాదెళ్ల సీఈఓగా వచ్చాక విండోస్ చుట్టూ తిరగడం తగ్గించి, కొన్న నోకియా ఫోన్ల వ్యాపారం కింద 2015లో 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసి క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ అద్దెకివ్వడం) మీద గట్టిగా పడ్డారు. ఒక ఆఫీసు మెయిల్, ఫైళ్లు, మీటింగులు, లాగిన్ అన్నీ వీళ్ల దగ్గరే పెట్టాక బయటికి రావడం మహా తలనొప్పి, అందుకే మనిషికింతని నెలనెలా కడుతూనే ఉంటారు. నాకు కొంచెం ఆలోచనగా ఉన్నది ఏఐ ఖర్చు. పాత సాఫ్ట్‌వేర్ ఒకసారి రాస్తే ఎన్ని కాపీలు అమ్మినా ఖర్చు పెద్దగా పెరిగేది కాదు, ఇప్పుడు ప్రతి ప్రశ్నకీ చిప్పు పని చేయాలి, కరెంటు కాలాలి. 2024 ఆర్థిక సంవత్సరంలో పెట్టుబడి ఖర్చే 5,500 కోట్ల డాలర్లు దాటింది, అది ఎంత లాభంగా తిరిగొస్తుందో ఇంకా తేలాల్సిందే.

కానీ కంపెనీ బాగుండటం వేరు, మీరు బాగుండటం వేరు. 1999 డిసెంబర్‌లో ఈ షేరు, స్ప్లిట్లు (ఒక షేరుని రెండుగా, అలా విడగొట్టడం) లెక్కేస్తే, 59 డాలర్ల దగ్గరుంది, 2009 మార్చిలో 15కి వచ్చింది, మళ్లీ ఆ పాత రేటు చూసేసరికి 2016 అయింది. మధ్యలో డివిడెండ్లు వచ్చాయి, నిజమే, కానీ పదహారేళ్లండి! పోనీ వ్యాపారం పడిపోయిందా అంటే అదీ లేదు, 2000లో 2,300 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2013కి 7,800 కోట్లకి చేరాయి. రాబోయే ఏళ్ల ఎదుగుదలంతా 1999 రేటులోనే ముందే కలిసిపోయింది, అంతే.

ఇంకోటి, 2023 జనవరిలో 10,000 మందిని తీసేస్తున్నామన్నారు, ఆ ఆర్థిక సంవత్సరం లాభం 7,200 కోట్ల డాలర్లు. అంటే కంపెనీ లాభాల్లో ఉన్నా ఉద్యోగం పోవచ్చు, అదే టైంలో షేరు కూడా పడిందనుకోండి, ఇంటి ఖర్చు కోసం బాగా తగ్గిన రేటుకే అమ్మాలి. మీ విషయంలో నా భయం అదే.

అలాగని రేపే అన్నీ అమ్మేయొద్దు. ఇకమీదట వెస్ట్ అయినవి (అంటే గడువు పూర్తయి పూర్తిగా మీ పేరు మీదికి వచ్చిన షేర్లు) వెస్ట్ అయినట్టే అమ్మేయండి, చాలా దేశాల్లో వెస్ట్ అయిన రోజే జీతం కింద పన్ను పడుతుంది కాబట్టి వెంటనే అమ్మితే కొత్తగా పన్ను పెద్దగా ఉండదు. ఒక్కసారి ఆలోచించండి, అంతే డబ్బు బోనస్‌గా చేతికొస్తే దాంతో మొత్తం ఈ షేర్లే కొంటారా? పాతవి మాత్రం పన్ను చూసుకుంటూ రెండు మూడేళ్లలో నూటికి ఇరవై దాకా దించండి. ముందు ఏడాది ఖర్చులకి సరిపడా బ్యాంకులో వేసి, మిగతాది ఖర్చు తక్కువుండే ఇండెక్స్ ఫండ్‌లో (ఒక సూచీలోని కంపెనీలన్నిటి షేర్లనీ కొనే ఫండ్) పెట్టండి, పెద్ద అమెరికా ఇండెక్స్ ఏది తీసుకున్నా అందులో మైక్రోసాఫ్ట్ ఎలాగూ పెద్ద వాటాతోనే ఉంటుంది కాబట్టి పూర్తిగా వదిలేసుకున్నట్టు కాదు. అమ్మే ముందు మీ పోస్టుకి ట్రేడింగ్ విండో (కంపెనీ ఉద్యోగులు షేర్లు అమ్ముకోడానికి అనుమతించే రోజులు) ఆంక్షలేమైనా ఉన్నాయేమో ఆఫీసులో కనుక్కోండి.