ఆరో సంపుటం దాకా వచ్చాక ఆపబుద్ధి కాదెందుకు?

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి ఫాంటసీ సిరీస్‌ల మీద ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో ఆరు ప్రశ్నలకి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఆఫీసులో ఇద్దరు ‘వీల్ ఆఫ్ టైమ్’ చదవమని ఏడాదిగా వెంటపడుతున్నారు. పద్నాలుగు సంపుటాలట! ఒక్క కథకి అన్ని పేజీలు ఎందుకండీ? మొదటి సంపుటం వంద పేజీలు చదివి, రెండుసార్లు పక్కన పెట్టేశాను.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: చాలామంది ఆగేది మీరు ఆగిన చోటే. ఇలాంటి నవలల్లో మొదటి నూటయాభై పేజీల్లో చదవడం కంటే నేర్చుకోవడం ఎక్కువ. ఊళ్ళు, వంశాలు, పాత పగలు, మంత్రశక్తి ఎవరికి అబ్బుతుంది, వాడితే ఒంట్లోంచి ఏం పోతుంది – ఇవన్నీ తలకెక్కాలి. విడి నవలలో ఈ శ్రమంతా మూడు వందల పేజీలతో ఖర్చైపోతుంది. సిరీస్‌లో ఒకసారి నేర్చుకున్నది చివరిదాకా పనికొస్తుంది. కొత్త కోడలికి అత్తారింట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఒకరు ఒక్క మాటంటే మిగతావాళ్ళు ఎందుకు నవ్వారో ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగో సంపుటం నుంచి దొరికే సుఖం అదే.

రెండోది, దూరం. ఆదిపర్వంలో భీష్ముడు ఎత్తుకొచ్చిన అంబ, భీష్మపర్వంలో శిఖండిగా అతని ఎదుట నిలబడుతుంది. నడుమ ఇన్ని పర్వాలు గడిచాయి కాబట్టే ఆ ఘట్టానికి అంత బరువు. ఒకటో సంపుటంలో సత్రంలో ఎవరో యథాలాపంగా అన్న మాట ఏడో సంపుటంలో తగులుకున్నప్పుడు, పాఠకుడు పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుంటాడు. మూడు వందల పేజీల్లో ఎంత గొప్ప రచయితైనా ఆ దూరం పుట్టించలేడు.

ఇక లెక్క చూద్దాం. ఈ సిరీస్ మొత్తం సుమారు 44 లక్షల పదాలు. నిమిషానికి 200 పదాల చొప్పున చదివితే దాదాపు 367 గంటలు. మెట్రోలో రానూపోనూ కలిపి రోజుకో గంట దొరికితే ఏడాది పని.

మూడోసారి మొదలుపెట్టేటప్పుడు ఒక్క పద్ధతి మార్చండి. రోజుకి పది పేజీలు వద్దు. నిన్నటి పేర్లు ఇవాళ్టికి మసకబారిపోతాయి, అందుకే విసుగు. శని, ఆదివారాలు చూసుకుని నూటయాభై పేజీలూ రెండు మూడు విడతల్లో లాగేయండి. తర్వాత మెట్రో చదువు సరిపోతుంది. ప్రతి పేరుకీ పటం దగ్గరికి, చివరున్న పదాల పట్టిక దగ్గరికి పరిగెత్తకండి. ముఖ్యమైన పేరైతే కథే మళ్ళీ మళ్ళీ తెచ్చి చూపిస్తుంది.

ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఎనిమిది నుంచి పది దాకా కథ బాగా నెమ్మదిస్తుంది. 2003లో వచ్చిన పదోది మరీను: తొమ్మిదో సంపుటం చివర జరిగిన పెద్ద ఘటన సమయంలో మిగతావాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పడంతోనే చాలా పేజీలు గడుస్తాయి. దాన్ని వేగంగా చదివి దాటండి. పదకొండులో మళ్ళీ ఊపు వస్తుంది. ఇక్కడ విడిచిపెట్టిన వాళ్ళని తలచుకుంటే నిజంగా బాధేస్తుంది, ఒడ్డు అంత దగ్గర్లో ఉంది మరి.

ప్రశ్న: రెండు సంపుటాల మధ్య మూడు నెలలు విరామం వస్తే పేర్లన్నీ మరిచిపోతున్నాను. గుర్తుంచుకునే దారి ఏమిటి?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: వంద పేజీల నోటుబుక్కు ఒకటి చాలు. అధ్యాయానికో సారాంశం రాయబోకండి. పదో అధ్యాయానికల్లా నోటుబుక్కూ పోతుంది, నవలా పోతుంది. సంపుటం ముగిసిన రోజే పావుగంట కూర్చుని ఒక్క పేజీ రాయండి. మనిషికో వరుస: పేరు, ఏ పక్షం, చివరిసారి ఎక్కడున్నారు, ఎవరికి ఏం మాటిచ్చారు. అడుగున ఇంకోటి తప్పకుండా రాయాలి – ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు. కుట్రలతో నడిచే కథల్లో తలనొప్పంతా దీంతోనే. మనకి తెలిసింది ఆ పాత్రకీ తెలుసనుకుని గందరగోళపడతాం.

కొత్త సంపుటం తెరిచేముందు ఈ పేజీ, పాత సంపుటంలో ఆఖరి మూడు నాలుగు అధ్యాయాలు చదివితే దారిన పడతారు. పాత్ర పేరు మాత్రం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. పేరు పూర్తిగా కొట్టకముందే పక్కన ‘మరణం’ అని చూపించేస్తుంది. ఈ-బుక్ అయితే పుస్తకం లోపలే వెతికి, మొదట వచ్చిన చోటు మాత్రం చూసి బయటికి వచ్చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఒకే సిరీస్ మూడోసారి చదువుతున్నాడు. మాన్పించాలా? తెలుగు చదవమంటే పారిపోతాడు.
– ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: మాన్పించకండమ్మా. మొదటిసారి ‘తర్వాతేమిటి’ అని చదువుతారు. రెండోసారి నుంచి రచయిత ఎక్కడెక్కడ విత్తనం నాటాడో కనిపెడతారు. చదవడం బాగా అలవడేది అక్కడే. పరీక్షల రోజుల్లో ‘ఈ అధ్యాయం అయ్యాక ఆపు’ అని మాత్రం అనకండి. కొక్కెం తగిలించేది అధ్యాయం చివరే, ఆపలేడు. మధ్యలో ఆపమనండి, సులువుగా లేస్తాడు.

తెలుగు సంగతికొస్తే, వాడికి నచ్చే సరుకు మన దగ్గర నిండా ఉంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సీరియళ్ళు రాశారు. మాంత్రికులు, పాడుపడ్డ దేవాలయాలు, భాగం చివర ప్రాణం మీదికొచ్చే ప్రమాదం, చిత్రా గారి బొమ్మలు! పుస్తకాలుగానూ వచ్చాయి. రాత్రికి ఒక్క భాగం మీరే పైకి చదివి వినిపించండి. నాలుగో రాత్రికి తనే లాక్కుంటాడు. పన్నెండు భాగాల ‘కాశీమజిలీ కథలు’ మాత్రం ఇప్పుడే చేతికివ్వకండి, ఆ గ్రాంథికం వాడిని బెదరగొడుతుంది. అది మీరు చదువుకోండి. కాశీకి నడిచిపోతూ మజిలీకో కథ మణిసిద్ధుడు గోపకుమారుడికి చెబుతుంటే, దారి పొడవునా మనమూ వాళ్ళ వెంటే నడుస్తాం.

ప్రశ్న: ముందు జరిగిన కథ తర్వాత రాస్తే, ఏది ముందు చదవాలి?
– ఒక పాఠకుడు, బనశంకరి

జవాబు: అచ్చైన వరుసే. పూర్వకథ రాసేటప్పుడు రచయిత పాత సంపుటాలు మీకు తెలుసనే రాస్తాడు. ముందే చదివితే దాచిన గుట్లు చప్పబడతాయి. ‘డిస్క్‌వరల్డ్’ సిరీస్ దారి వేరు. 1983 నుంచి 2015 దాకా వచ్చిన 41 నవలల్లో చాలావరకు దేనికది ముగుస్తుంది. మొదటిదే కావాలని పట్టుపట్టక్కర్లేదు. 1987లో వచ్చిన నాలుగోది, ‘మోర్ట్’, మంచి గుమ్మం.

ప్రశ్న: పూర్తికాని సిరీస్ మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, ఇందిరానగర్

జవాబు: ముగింపు లేకపోతే నిద్ర పట్టని స్వభావమైతే వద్దు. 1996లో మొదలైన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అయిదో సంపుటం 2011లో వచ్చింది, ఆరో దానికోసం జనం చూస్తూనే ఉన్నారు. అయినా మొదటి మూడూ చదివినవాళ్ళకి చదివిన సమయం వృథా అనిపించదని మా నమ్మకం. రచయిత పోయినా దారి మూసుకుపోదు: ‘వీల్ ఆఫ్ టైమ్’ రాసిన రాబర్ట్ జోర్డాన్ 2007లో కన్నుమూస్తే, ఆయన రాసి ఉంచిన ముక్కలు, నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు సంపుటాలూ పూర్తి చేశారు. ఆఖరిది 2013లో వచ్చింది.

ప్రశ్న: చర్చ్ స్ట్రీట్‌లో పాత సెట్లు కొనేటప్పుడు ఏం చూడాలి?
– ఒక విద్యార్థి, జయనగర్

జవాబు: ముందు ఒకటి, రెండు సంపుటాలే కొనండి. సగంలో మానేసినవాళ్ళు అమ్మేవి అవే కాబట్టి తేలిగ్గా దొరుకుతాయి. మధ్య సంపుటాలకే వెతుకులాట, కనిపిస్తే వదలొద్దు. ఎత్తు చూసుకోండి, చిన్న పేపర్‌బ్యాక్ సుమారు 18 సెంటీమీటర్లు, పెద్దది 20 పైనే. రెండూ కలిస్తే అరలో వరుస కుదరదు. వెయ్యి పేజీల జిగురు బైండింగ్ విరిగేది సరిగ్గా నడుమ. అక్కడ తెరిచి, పేజీలు ఊడుతున్నాయేమో చూడండి. కాగితం పల్చగా ఉండి వెనక అక్షరాలు కనిపిస్తుంటే అది దొంగ ముద్రణ కావచ్చు. వాటిలో ఒక ఫారం (ఒకే కాగితం మీద అచ్చేసి మడిచిన కట్ట) పదహారు పేజీలూ ఎగిరిపోవడం, లేదా రెండుసార్లు రావడం మామూలే. పేజీ అంకెలు వరుసగా తిప్పి చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఇంటికి తెచ్చాక అరలో ఒరగనివ్వకుండా నిటారుగా పెట్టండి, గోడకి అంగుళం ఎడంగా. వానాకాలం గోడ చెమ్మ ముందు పట్టేది లావు పుస్తకాల వెనక్కే.