కడుపు సంగతి సరే, షుగర్ చూపించుకున్నరా?

మీరడిగింది: వయసు 41, రెండేండ్లుగా గ్యాస్, ఈ మధ్య పడకగదిలోనూ ఇబ్బంది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గితే మగతనం తగ్గుతదట, ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే పొడి) వాడితే నయమైతదా?

నేనూ అచ్చం ఇట్లనే అనుకొని ఎనిమిది నెలలు పోగొట్టుకున్న. మాది నాగర్‌కర్నూల్ దగ్గర, ఎరువుల దుకాణం. పొద్దున తొమ్మిదింటికి కూసుంటే రాత్రి ఎనిమిది దాకా కుర్చీ దిగేది లేదు. ఎవరొచ్చినా చాయ్, సాయంత్రం కాంగనే మిర్చీలు. ముందు కడుపు ఉబ్బరం మొదలైంది, దాని వెనకే రెండోది. ఫోన్‌లో వెతికితే రెంటికీ ముడిపెట్టే వీడియోలు బోలెడు. గట్టిగ నమ్మిన. నిజం చెప్పాలంటే నమ్మడమే సులువు: కడుపు బాగలేదని మందుల షాపులో అడగొచ్చు, రెండోది నోట రాదు.

ప్రోబయోటిక్ పొడి ప్యాకెట్లు తాగంగ తాగంగ గ్యాస్ కొంచెం తగ్గింది, అసలుది అట్లనే ఉన్నది. చివరికి మా ఇంటామె, "సిగ్గుపడుకుంట ఇంట్ల కూసుంటవా, దవాఖానకు పోతవా?" అన్నది. మహబూబ్‌నగర్ పోయిన. డాక్టర్ నా కడుపు కథ సగమే విని, "షుగర్ ఎప్పుడు చూపించుకున్నరు?" అన్నడు. ఎన్నడూ లేదు. రక్తంలో షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 9.4 వచ్చింది, అంటే షుగర్ బాగ ఎక్కువున్నట్టు.

అప్పుడు బొమ్మ గీసి చెప్పిండు. అంగానికి రక్తం తెచ్చే నాళాలు 1-2 మిల్లీమీటర్లే, గుండెవి 3-4. నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదిలితేనే నాళం వదులై రక్తం నిండుతది. షుగర్, బీపీ, సిగరెట్ ఆ పొరను పాడుచేస్తయి. దెబ్బ సన్నవాటిలో ముందు బయటపడ్తది. అందుకే కొందరికి గుండెజబ్బు కంటే కొన్నేండ్ల ముందే ఈ ఇబ్బంది వస్తదట. ఆ మాట విన్నంక ఈసీజీ తీయించుకునిగానీ ఇంటికి రాలేదు.

మరి బ్యాక్టీరియా మాట ఉత్తదా అంటే, కాదు. మాంసం, గుడ్లలో ఉండే కార్నిటైన్, కోలిన్ అనే పదార్థాలను పేగుల్లోని సూక్ష్మజీవులు మారుస్తయి, కాలేయం దాన్ని టీఎంఏఓ అనే పదార్థం చేస్తది. అది రక్తంలో ఎక్కువున్నోళ్లకు గుండెజబ్బులు ఎక్కువ కనబడ్డయి. 2013లో మగ ఎలుకల పేగు సూక్ష్మజీవులను ఆడ ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటిలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పెరిగింది. కానీ అవి ఎలుకలు. ఫలానా ప్యాకెట్ తాగితే అంగస్తంభన కుదురుతదని మనుషుల్లో తేలలేదు. షాపాయన చెప్పిండని కొనకండి. నేనూ దుకాణదారునే, మార్జిన్ ఎట్లుంటదో నాకు ఎరుకే.

నేనైతే డాక్టర్ రాసిన షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన. మొదటి రెండు వారాలు కడుపు ఇంకా ఆగమైంది, తిన్నంక వేసుకుంటే సర్దుకున్నది. రాత్రి అన్నం బందు, జొన్న రొట్టె, పుంటికూర పప్పు లేకుంటే చిక్కుడుకాయ. వీటిలోని పీచును పేగుల్లోని మంచి సూక్ష్మజీవులే పులియబెట్టి బ్యూటిరేట్ అనే, పేగులకు మేలుచేసే పదార్థం చేసుకుంటయి, కాబట్టి మీరు అడిగిన బ్యాక్టీరియాకూ తిండి దొరికినట్టే. పొద్దున 40 నిమిషాల నడక. కల్లు మానేసిన. మా దిక్కు కొన్నిచోట్ల అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపి అమ్ముతరు, అది కోరికనే చంపుతది. ఐదు నెలలకు షుగర్ సగటు 6.8కి దిగింది. ఆ ఇబ్బంది పూర్తిగా పోలేదు, ముప్పాతిక పోయింది.

టెస్టోస్టిరాన్ కూడా చూస్తమంటే పరగడుపున, పొద్దున పది లోపు రక్తం ఇయ్యండి. చీటీ లేకుండా వయాగ్రా రకం గోళీలు మాత్రం కొనకండి. గుండెనొప్పికి సార్బిట్రేట్ గోళీ వాడేటోళ్లు అవి మింగితే బీపీ ఒక్కసారే పడిపోయి ప్రాణం మీదికొస్తది.