వెన్నులోకి ఎక్కించింది ఏ మందో మీ దగ్గరున్న రిటర్న్ బిల్లే అడుగుతోంది

ప్రశ్న: మాది ఖమ్మం. 22 నెలల కిందట హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా భార్యకు సిజేరియన్ చేశారు. వెన్నుకు మత్తు సూది వేయగానే మొద్దుబారకుండా నడుము, కాళ్లు మండిపోతున్నాయని కేకలు పెట్టింది. కాళ్లు ఎగిరెగిరి పడ్డాయట, ఆ వెంటనే ఫిట్స్. 11 రోజులు ఐసీయూలో ఉంది. బాబు బాగున్నాడు కానీ ఆమె చేతులు వణుకుతాయి, వాడిని ఎత్తుకోలేదు. బీపీ వల్ల వచ్చిన గుర్రపువాతం (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) అన్నారు. 8 నెలల కిందట అక్కడి నర్సు ఒకామె ఫోన్‌లో ‘మందు మారింది అన్నా’ అంది. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు 3 లక్షలు ఇస్తాం, 100 రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి అంటున్నారు. తీసుకోవాలా, పోలీసు కేసు పెట్టాలా?

జవాబు: మీరు పంపిన ఆరు పేజీలూ చదివాను. డాక్టరు మీతో ఎంత దురుసుగా మాట్లాడారో, మీ అత్తగారు ఎన్ని గుళ్లు తిరిగారో రాశారు, వాటితో కేసు తేలదు. తేల్చేది ఒక్కటే: ఆ రోజు ఆమె వెన్నులోకి వెళ్లిన మందు ఏది? దానికి సంబంధించిన కాగితం మీరే పంపారు, మీరే చదవలేదు. డబ్బు కట్టామని చూపించడానికి జతచేసిన మందుల బిల్లుల్లో ఒక రిటర్న్ బిల్లు ఉంది. ఆపరేషన్‌కి మీతో కొనిపించిన కిట్‌లో బుపివకైన్ హెవీ ఒక ఆంప్యూల్, ట్రానెక్సమిక్ యాసిడ్ రెండు ఉన్నాయి. సాయంత్రం ఫార్మసీ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చిన వాటిలో ఆ బుపివకైన్ ఉంది. వెన్నుకు ఇవ్వాల్సిన మత్తుమందు అదే. అది వాడకుండా వెనక్కి వస్తే మరి సూదిలో ఉన్నదేమిటి?

ట్రానెక్సమిక్ యాసిడ్ రక్తస్రావం ఆపే మందు, రక్తనాళంలోకి ఇస్తారు, కాన్పుల్లో తల్లుల ప్రాణాలు కాపాడుతుంది. అదే వెన్నులోకి పోతే విషం. రెండూ చిన్న గాజు ఆంప్యూళ్లే, రెండూ నీళ్లలాంటి మందులే, ఒకే ట్రేలో పెడితే పొరపాటు జరిగిపోతుంది. అలా పొరపాటున ఎక్కించిన కేసుల్లో దాదాపు సగం మంది బతకడం లేదని, ఈ మందును మత్తుమందుల దగ్గర పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలోనే హెచ్చరించింది. మొద్దుబారకపోవడం, వెంటనే నడుములో కాళ్లలో మంట, కాళ్లు ఎగిరిపడటం, ఫిట్స్, అన్నీ దానికి సరిపోయే లక్షణాలే. గుర్రపువాతం అన్నారు కదా, ఆమె గర్భిణిగా ఉన్నప్పటి కార్డులో ప్రతి నెలా బీపీ 110/70 దరిదాపుల్లోనే రాసి ఉంది. ఆ కార్డు కూడా మీకు సాక్ష్యమే.

అయితే రిటర్న్ బిల్లు ఒక్కటే సరిపోదు. థియేటర్‌లో ఉన్న స్టాక్ వాడాం, మీరు కొన్నది వెనక్కి ఇచ్చాం అని వాళ్లు అంటారు, అలా అనడానికి వీలుంది కూడా. అందుకే అనస్థీషియా చార్ట్, థియేటర్ మందుల రిజిస్టరు, ఫార్మసీ ఇండెంట్లు, నర్సింగ్ నోట్స్, ఐసీయూ చార్టులు కావాలి. 22 నెలలైనా మీరు డిశ్చార్జ్ సమ్మరీ తప్ప ఇంకో కాగితం అడగలేదు! ఇంత జరిగి, భార్య ఈ స్థితిలో ఉంటే కేస్ షీట్ అడగకుండా ఎలా ఉన్నారండీ? 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రేపే ఆమె సంతకంతో దరఖాస్తు రాసి స్పీడ్ పోస్టులో పంపండి, ఇంకో కాపీ నేరుగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే, కేసు వేశాక వినియోగదారుల కమిషన్ తెప్పిస్తుంది, ఇవ్వలేదన్న సంగతీ మీకే పనికొస్తుంది.

ఇక కేసు వేసే గడువు. వినియోగదారుల చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం 2 ఏళ్లు. నర్సు చెప్పిన రోజు నుంచి లెక్క అని మీరు అనుకుంటున్నారు, ఆ ధీమా వద్దు. ఆపరేషన్‌లో కడుపులో గాజుగుడ్డ మర్చిపోయారంటూ ఏళ్ల తర్వాత వచ్చిన వి.ఎన్. శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు 2010లో ఏమందంటే, హాని అప్పటికప్పుడే కనబడితే గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది, లోపల దాగి ఉంటేనే తెలిసిన రోజు నుంచి. మీ భార్యకు హాని థియేటర్ బల్ల మీదే కనబడింది. కాబట్టి ఆపరేషన్ రోజు నుంచే లెక్కేసుకోండి, మీకు మిగిలింది 2 నెలలే. లీగల్ నోటీసు పంపినా, రాజీ మాటలు నడిచినా, పోలీసు విచారణ సాగినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే వీలుంది కానీ దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ఆ స్టాంపు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, ఆమెతో పెట్టించకండి. ‘పూర్తి సంతృప్తితో, ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న ఒక్క వాక్యంతో ఆమె జీవితకాలపు ఫిజియోథెరపీ, పోయిన టీచర్ ఉద్యోగం అన్నీ 3 లక్షలకు చెల్లిపోతాయి. ‘చెక్కు తయారు చేయాలి, ఒరిజినల్స్ ఇవ్వండి’ అన్నా ఇవ్వద్దు. రాజీ కావాలంటే కేసు వేశాక కమిషన్ ముందు చేసుకోవచ్చు.

పోలీసు కేసు మీ హక్కే, కాకపోతే 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, వేరే డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం ఉండాలి. ముందు వినియోగదారుల కేసు వేయండి. మీరు ఉండే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. మీరు కట్టిన బిల్లు లక్షా 40 వేలు, ఎంత పరిహారం అడిగినా ఫీజు లేదు. ఫిర్యాదుదారు ఆమె, మీరు రెండోవారు. ఆసుపత్రిని, మత్తు డాక్టరును ఇద్దరినీ చేర్చండి, ఆయన విజిటింగ్ అన్నా ఆసుపత్రి తప్పించుకోలేదు.

ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని హైదరాబాద్ నుంచే వెళ్లిన వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, అయినా ఒక అనస్థీషియా ప్రొఫెసర్‌తో రెండు పేజీల అభిప్రాయం రాయించుకోండి. వైకల్య సర్టిఫికెట్, ఆమె జీతం కాగితాలు, ఫిజియో బిల్లులు జతచేయండి. నర్సు మాట రికార్డింగ్ ఉంటే ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావాల్సిన, భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి.

ఆ రిటర్న్ బిల్లు థర్మల్ కాగితం, మీరు పంపిన ఫొటోలోనే తేదీ సగం వెలిసిపోయింది. ఇవాళే రంగుల్లో స్కాన్ తీయించి, ఒరిజినల్‌ను కాగితం కవర్లో ఎండ తగలని చోట పెట్టండి. లామినేషన్ చేయించకండి, వేడికి మొత్తం నల్లబడిపోతుంది.