కాపీ కంట్రోల్ సీడీలు లాప్‌టాప్‌లోకి ఎక్కట్లేదా? ముందు డ్రైవ్ మార్చి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: నాన్నగారు కొన్న ఒరిజినల్ ఆడియో సీడీల్లో మూడు నాలుగు, హాల్లో ఉన్న సీడీ ప్లేయర్‌లో చక్కగా పాడుతున్నాయి, లాప్‌టాప్‌లో పెడితే మాత్రం పాటలు ఎక్కట్లేదు, అట్ట వెనకాల 'కాపీ కంట్రోల్డ్' (అంటే కంప్యూటర్లోకి కాపీ చేసుకోకుండా తాళం వేసినది) అని ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. నేను నెల రోజులు సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి చివరికి తెలుసుకున్నది అదే.

2004లో చెన్నైలో ఉద్యోగం, ట్రిప్లికేన్‌లో ఒక మేన్షన్ గదిలో ముగ్గురం తెలుగువాళ్లం. జీతం వచ్చిన హుషారులో స్పెన్సర్ ప్లాజాకి వెళ్లి ఒక ఇంగ్లిష్ రాక్ ఆల్బం కొన్నా, దాదాపు ₹400. అదే డిస్క్ దొంగ కాపీ బర్మా బజార్‌లో అందులో పదో వంతుకి వస్తుందిరా అని రూమ్మేట్ నవ్వాడు కూడా. గదిలో సీడీ ప్లేయర్ లేదు, ఉన్నది ఒక అసెంబుల్డ్ కంప్యూటర్. డిస్క్ పెట్టగానే ఏదో విండో వచ్చింది, పాటలు వినాలంటే మా ప్లేయర్ వేసుకో అని. ఓకే నొక్కేశా. పాటలైతే వచ్చాయి గానీ పాత ట్రాన్సిస్టర్‌లోంచి వచ్చినట్టు వచ్చాయి, ఎందుకంటే ఆ ప్లేయర్ పాడేది అసలు ట్రాకుల్ని కాదు, డిస్క్‌లోనే విడిగా రాసిన ఇంకో భాగంలో (దాన్నే సెషన్ అంటారు) పెట్టిన, బాగా కుదించిన కాపీల్ని. బజార్లో కొన్నవాడికి ఏ గొడవా లేదు, డబ్బు పోసి కొన్న నాకే తాళం! ఆ మంట ఇంకా పోలేదు.

లోపల జరిగేది ఇదీ. మామూలు సీడీ ప్లేయర్‌కి మొదటి సెషన్ తప్ప ఇంకోటి కనపడదు, కంప్యూటర్ డ్రైవ్ మాత్రం చివరి సెషన్‌ని ముందు చూస్తుంది, దాన్ని తికమక పెట్టడానికే అక్కడ తప్పుడు పాటల పట్టిక రాసి పెడతారు. కొన్ని రకాల్లో పాటల మధ్య కావాలనే ఎర్రర్లు కూడా చల్లుతారు. హాల్లో ప్లేయర్ వాటిని అటూ ఇటూ ఉన్న శబ్దంతో సర్దేసి పాడేస్తుంది, డ్రైవ్ మాత్రం తడబడుతుంది. గీతలు పడితే తట్టుకోవడానికి డిస్క్‌లో ఉన్న వెసులుబాటు కొంత ఇలా ముందే ఖర్చయిపోతుంది కాబట్టి ఈ సీడీలు చిన్న గీతకే మొరాయిస్తాయి. కారు స్టీరియోల్లో చాలావాటిలో ఉండేది కంప్యూటర్ తరహా డ్రైవే, అందుకే అక్కడా పాడవు. అసలు 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి రాసుకున్న రెడ్ బుక్ అనే ఆడియో సీడీల ప్రమాణం ప్రకారం ఇవి సీడీలే కావు. వీటి మీద 'కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో' లోగో వేయకూడదని ఫిలిప్సే అంది. మీ డిస్కుల మీద ఆ లోగో ఉందేమో చూడండి, ఉంటే తప్పు తాళానిది కాకపోవచ్చు, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి మళ్లీ పెట్టండి.

డ్రైవ్ విషయం నాకు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో తెలిసింది. సెకండ్ హ్యాండ్ డ్రైవులమ్మే ఆయన, నా గోల వినలేక, కౌంటర్ మీదున్న కంప్యూటర్‌కే ఒక్కొక్కటీ తగిలించి చూపించాడు. మొదటి రెండూ డిస్క్‌ని గుర్తే పట్టలేదు. మూడోది, చూడటానికి అన్నిటికన్నా దరిద్రంగా ఉన్నది, ట్రాకులన్నీ వరసగా చూపించేసింది. అందుకని ఇప్పుడు కూడా, మీ లాప్‌టాప్‌ది కాకుండా స్నేహితుల దగ్గర ఉన్న యూఎస్‌బీ డ్రైవ్, ఆఫీసులో పాత డెస్క్‌టాప్, ఏది దొరికితే అది ప్రయత్నించండి.

ఒక్కటి మాత్రం చేయకండి, డిస్క్‌లో వచ్చే ప్రోగ్రాం వేసుకోకండి. 2005 అక్టోబర్ 31న విండోస్ నిపుణుడు మార్క్ రసినోవిచ్ బయటపెట్టిన సోనీ బీఎంజీ అనే పాటల కంపెనీ గొడవ అదే: వాళ్ల సీడీల్లోని ఎక్స్‌సీపీ అనే ప్రోగ్రాం విండోస్‌లో దాక్కుని, '$' గుర్తుతో మొదలయ్యే ఒక రకం పేరున్న ఫైల్ ఏదైనా సరే కనపడకుండా చేసేది, వైరస్‌లు కూడా దాని చాటున దాక్కోవచ్చన్నమాట. ఆ నవంబర్‌లో డిస్కులు వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో డిస్క్ పెట్టేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే ఆటోరన్ (డిస్క్‌లోని ప్రోగ్రాం దానంతటదే మొదలవడం) ఆగిపోయేది, అంత గొప్ప తాళం అది! ఇప్పటి విండోస్ మామూలుగా అడుగుతుంది, వద్దనండి. లినక్స్‌లో ఆ విండోస్ ప్రోగ్రాములు నడవనే నడవవు.

డ్రైవ్ గుర్తు పట్టాక పాటలు ఎక్కించడానికి విండోస్ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్ అయితే సీడీపారనోయియా, రెండూ ఉచితమే. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ పెట్టి, సీ2 ఎర్రర్ సమాచారం (చదవడంలో తప్పులు ఎక్కడొచ్చాయో డ్రైవ్ చెప్పేది) వాడే టిక్ తీసేయండి, ఈ డిస్కుల్లో ఆ సమాచారాన్ని నమ్మలేం. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచుకోండి, ఆల్బంకి 300, 400 ఎంబీ అవుతుంది. డిస్క్‌లో వంద పాటలు ఉన్నాయంటే అది ఎంపీ3 సీడీ, దానికి ఇదేమీ అక్కర్లేదు, ఫైళ్లు కాపీ చేసుకోవడమే.

చట్టం సంగతి కూడా అడిగారు. నేను లాయర్ని కాదు గానీ, మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. సొంత వాడకానికి న్యాయంగా వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘన కింద లెక్కపెట్టదు. నాన్నగారి సీడీ ఇంట్లో వినడానికి ఎక్కించుకోవడం ఒకటి, ఫ్యామిలీ గ్రూపులన్నిటిలో పంచడం ఇంకోటి.

స్కెచ్ పెన్ను చిట్కా గురించి ఎవరో ఒకరు చెప్తారు, 2002లో ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది: బయటి అంచున సన్నటి గీత కనపడుతుంది, దాని అవతలి సెషన్ మీద నల్లగా రాస్తే డ్రైవ్‌కి అది కనపడదని. నేనూ రాశా. చెయ్యి కొంచెం లోపలికి పోయింది, సీడీ లోపల్నుంచి బయటికి చదువుకుంటుంది కాబట్టి అంచున ఉండేది చివరి పాట, దాని మీద పడింది. స్పిరిట్‌తో తుడిస్తే రంగు పోయింది, గీతలు మిగిలాయి. ఇక ఆ పాట ఏ డ్రైవ్‌లోనూ రాలేదు. చివరికి బావగారింట్లో సీడీ ప్లేయర్ లైన్ అవుట్‌ని కంప్యూటర్ లైన్ ఇన్‌కి కలిపి, పాట నడిచినంతసేపూ కూర్చుని ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో రికార్డ్ చేశా. మీ డిస్కుల్లో ఏదైనా అస్సలు లొంగకపోతే ఆఖరి దారి అదే. నా దగ్గర ఆ ఆల్బంలో చివరి పాట ఇప్పటికీ అలా ఎక్కించిందే, మొదట్లో అరసెకను సేపు చిన్న గర్రు వస్తుంది.