నేను చదివిన పుస్తకం గురించి ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు

ప్రశ్న: నా వయసు 47. తెనాలిలో ఉంటాం. మావారిది రైతు కుటుంబం, ఇప్పుడు ఎరువుల షాపు నడుపుతున్నారు. అమ్మాయి పెళ్ళయి డల్లాస్‌లో ఉంది, అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరం, 78 ఏళ్ళ మా అత్తయ్య. పిల్లలు వెళ్ళిపోయాక లైబ్రరీలో చేరి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఈమధ్య కేశవరెడ్డి గారి నవల ‘అతడు అడవిని జయించాడు’, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలాడి కథ, చదివి రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున టిఫిన్ దగ్గర మావారికి చెప్పబోతే, ఫోన్‌లో పాత కృష్ణ సినిమాల ముక్కలు చూస్తూ తల కూడా ఎత్తకుండా ‘పందుల కథ చదివి ఏడుస్తున్నావా’ అన్నారు. అక్కడితో ఆగలేదు, శ్రావణంలో మా ఆడపడుచు గృహప్రవేశంలో అందరి ముందూ అదే మాట చెప్పి నవ్వించారు. అత్తయ్య ఏమీ అనలేదు, రెండు రోజులయ్యాక ఆ ముసలాడికి పంది దొరికిందా అని అడిగి ఊరుకున్నారు. ఫ్యామిలీ గ్రూపులో పుస్తకం అట్ట ఫోటో పెడితే ఒక్కరూ పలకలేదు, దాని కిందే ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్‌కి మాత్రం పూలే పూలు. ఇప్పుడు పుస్తకాలు బియ్యం డబ్బా వెనక పెట్టుకుని ఎవరూ లేనప్పుడు చదువుతున్నాను. సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదు. చదివింది ఎవరికైనా చెప్పుకోవాలనుకోవడం అంత పిచ్చి కోరికా? ఇంతకీ మీరు ఇప్పుడేం చదువుతున్నారు?

జవాబు: పిచ్చి కోరిక కాదమ్మా, చాలా మామూలు కోరిక. ఈ ముక్క ముందు చెప్పేసి అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే మీరు అర వాక్యంలో దాటేసిన మాట ఒకటుంది, మిగతాదంతా పక్కన పెట్టి ముందు దాని గురించే మాట్లాడాలనిపిస్తోంది. మీ అత్తయ్య రెండు రోజుల తర్వాత ‘ఆ ముసలాడికి పంది దొరికిందా’ అని అడిగారు. అంటే టిఫిన్ దగ్గర మీరు చెప్పబోయిన ఆ రెండు ముక్కలూ ఆవిడ విన్నారు, రెండు రోజులు మనసులో పెట్టుకున్నారు, ఏమైందో తెలియక ఉండబట్టలేక అడిగారు. వినేవాళ్ళు లేరని బాధపడుతున్న ఇంట్లోనే ఒక మనిషి కథలో తర్వాతేమైందో తెలుసుకోవాలని రెండు రోజులు ఎదురుచూశారు. మీ చూపంతా మీవారి మీదే ఉండి ఆవిడ మీకు కనపడలేదు, అంతే. ఆ ప్రశ్నకి మీరేం జవాబిచ్చారో రాయలేదు. ‘అదో పెద్ద కథలెండి అత్తయ్యా’ అని తప్పించుకుని ఉంటే మాత్రం ఇవాళే వెళ్ళి పక్కన కూర్చుని ఆ కథ మొత్తం చెప్పండి.

ఆవిడ వయసు లెక్క వేసి చూడండి. 1970ల్లో పాతికేళ్ళ కోడలు. ఆ రోజుల్లో వారపత్రిక ఒక ఇంట్లో కొంటే నాలుగిళ్ళు తిరిగి వచ్చేది. యద్దనపూడి సులోచనారాణి సీరియల్ వస్తోందంటే వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసుకుని ట్రంకు పెట్టెలో దాచుకున్న ఆడవాళ్ళు ఎంతమందో. మధ్యలో ఒక వారం పత్రిక చేతికి రాకపోతే పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి ఆ వారం కథ నోటితో చెప్పించుకునేవాళ్ళు, ఆవిడ కూడా అన్నం వారుస్తూనే డైలాగులతో సహా చెప్పేది. అద్దె పుస్తకాల షాపుకి చిన్న పిల్లాణ్ణి పంపించి, సాయంత్రంలోగా చదివి తిప్పి పంపిన ఇళ్ళు కూడా ఉన్నాయి. చదివింది పంచుకోవడం మన ఇళ్ళల్లో కొత్త సంగతేం కాదు. అత్తయ్యని ఒక్క మాట అడగండి, ‘మీరు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఏ సీరియల్ కోసం ఎదురుచూసేవారు?’ అని. ఆవిడ దగ్గర ఏ జవాబూ లేకపోవచ్చు, అత్తగారి భయంతో ఒక్క పేజీ కూడా చదవనివ్వని ఇల్లయినా అయ్యుండొచ్చు. అదైనా వినాల్సిన కథే.

ఈ వయసులో కళ్ళు సరిగా ఆనకపోతే పుస్తకం చేతికిచ్చి లాభం లేదు. మీరు చదివి వినిపించండి. మొదటే లావుపాటి నవల వద్దు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ తీసుకోండి, 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం, ఒక్కో కథ మూడు నాలుగు పేజీలకు మించదు, పది నిమిషాల్లో చదివేయొచ్చు. మీ ప్రాంతం కథలు, కృష్ణ ఒడ్డు, ఆ గుడి, ఆ మనుషులు, అత్తయ్యకి తెలిసిన లోకం. బాపు బొమ్మలు కూడా ఉంటాయి, అవి చూపిస్తూ చదవండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజుకొక కథ. మధ్యలో ఆవిడ ఆపి ‘మా పెదనాన్న కూడా అచ్చం ఇట్లాగే ఉండేవాడు’ అని మొదలుపెడితే పుస్తకం మూసేసి వినండి. ఆ రోజు కథ పూర్తికాకపోయినా పర్లేదు.

ఇక మీవారి సంగతి. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయి మీకు ఒకే పెద్ద బాధలాగా కనిపిస్తున్నాయి. వినకపోవడం ఒకటి, నలుగురిలో నవ్వులపాలు చేయడం ఇంకొకటి. మొదటిదానికి ఓపిక పట్టొచ్చు. రెండోదానికి పట్టకూడదు, దానికి నేను ఏ సర్దుబాటూ చెప్పను. భార్య కన్నీళ్ళని చుట్టాల ముందు జోకుగా చెప్పడం తప్పు, ఆయన మంచి మనిషే అయినా తప్పే. బహుశా ఆయనకి అది తప్పని ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే మీరు ఆ రోజు నవ్వేసి ఊరుకుని ఉంటారు, ఇంటికొచ్చాక ముభావంగా ఉండి ఉంటారు, ఆయన ఏమైందని అడిగితే ఏం లేదని అనుంటారు. ఇలా చేస్తే ఎవరికీ ఏమీ తెలియదమ్మా. ఒక్కసారి, ఇద్దరే ఉన్నప్పుడు, ఏడుపూ దెప్పులూ లేకుండా చెప్పండి. ‘మిమ్మల్ని పుస్తకాలు చదవమని నేనెప్పుడూ అడగలేదు, వినమని కూడా బలవంతం చేయను. కానీ మీతో చెప్పుకున్న మాటని పదిమందిలో చెప్పి నవ్వించారు, నాకు చాలా కష్టమనిపించింది, ఇంకెప్పుడూ అలా చేయొద్దు.’ ఇంతే. ‘మీ చెల్లెలి ముందు నా పరువు తీశారు’ దగ్గర మొదలుపెడితే గొడవ వాళ్ళ వైపు వీళ్ళ వైపుకి పోతుంది, పుస్తకం సంగతి గాల్లో కలిసిపోతుంది.

ఎప్పుడు చెప్పాలో కూడా చూసుకోండి. శ్రావణం అంటే నాట్ల కాలం, యూరియా కోసం రైతులు షాపు ముందు క్యూ కట్టే రోజులు, పైగా షాపులో అరువు పద్దుల గొడవ ఒకటి. రాత్రి షట్టర్ వేసి వచ్చిన మనిషికి ఏ మాటా తలకెక్కదు. ఇది ఆయన్ని వెనకేసుకు రావడం కాదు, మీ మాట వృథా పోకూడదని చెబుతున్నా. సీజన్ తగ్గాక ఒక ఆదివారం ఉదయం చూసుకోండి.

వినకపోవడం గురించి మాత్రం మీరు చెప్పే పద్ధతి కొంచెం మార్చి చూడొచ్చు. మనం ఒక పుస్తకం మత్తులో ఉన్నప్పుడు ఎదుటివాళ్ళకి కథ మొదటి నుంచీ చెప్పాలని చూస్తాం, వాళ్ళకేమో ఆ మనుషులెవరో తెలియదు, నాలుగో వాక్యానికి మనసు ఎటో పోతుంది. కథ చెప్పకుండా ఆ కథలోంచి ఆయన జీవితానికి తగిలే ఒక ప్రశ్న తీసి అడగండి. మీరు చదివిన నవల్లో ఏముంది, తప్పిపోయిన ఈనబోయే పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ఒక ముసలివాడి రాత్రి. మీవారు పల్లెటూళ్ళో గొడ్ల మధ్య పెరిగినాయన. ‘మీ చిన్నప్పుడు గేదె తప్పిపోతే రాత్రిపూట మీ నాన్నగారు ఎలా వెతికేవారు? ఈనేటప్పుడు దగ్గర ఎవరుండేవారు?’ అని అడిగి చూడండి. ఫోన్ పక్కన పెట్టి లాంతరు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెబుతారు. అంతా అయ్యాక ‘నేను చదివిన ముసలాడు కూడా ఇదే చేశాడండీ’ అనండి, చాలు. అప్పుడది పందుల కథగా ఉండదు. దాన్ని రాసినాయన డాక్టరని కూడా చెప్పండి. చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ ఈ నవలలన్నీ రాశారు. కొంతమందికి కథ కంటే రాసిన మనిషి సంగతి బాగా పడుతుంది.

ఆయన చూసేవాటిని మీరు తీసిపారేయకండి. కృష్ణ మీ పక్కూరు బుర్రిపాలెం వాడే, తెనాలి మనిషికి ఆ అభిమానం ఉండడంలో వింతేముంది. 1973లో విజయనిర్మల డైరెక్ట్ చేసిన ‘మీనా’లో కృష్ణ హీరో, ఆ సినిమాకి మూలం యద్దనపూడి నవల. నవల మీరు చదవండి, సినిమా ఆయన చూస్తారు, సీరియల్ రోజుల సంగతులు అత్తయ్య చెబుతారు. ఒక రాత్రి ముగ్గురూ కూర్చుని సినిమా పెట్టుకుని, నవల్లో ఇలా లేదు అలా ఉంది అని వాదించుకోండి. ఆయన ఒక్క పేజీ తిప్పకపోయినా మీ పుస్తకంలోకి వచ్చినట్టే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, మీరు తెనాలి అని రాశారు కాబట్టి. శారద పేరుతో రాసిన ఎస్. నటరాజన్ తమిళ కుర్రాడు. చిన్నతనంలో తండ్రితో మీ ఊరు వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ లాంటి నవలలు రాసి, 1955లో ముప్పై దాటిన కొద్దికే పోయాడు. మీవారు రోజూ టీ తాగే ఊళ్ళో టీ కప్పులు అందించిన చేత్తో రాసిన పుస్తకాలవి. ఇలాంటి సంగతి షాపులో నలుగురికీ చెప్పుకోవాలని ఆయనకే అనిపిస్తుంది చూడండి.

వాట్సాప్ గ్రూపు మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. అట్ట ఫోటో ఒక్కటే పెడితే ఎదుటివాళ్ళకి ఏమనాలో తెలియదు, చదవలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక చాలామంది ఊరుకుంటారు. గ్రూపు వదిలేసి మీ అమ్మాయి ఒక్కదానికే పంపండి. తెలుగులో నవల చదివే ఓపిక తనకి లేకపోతే ఓల్గా ‘విముక్త’తో మొదలుపెట్టండి. సీత, శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ, అందరూ మనకి తెలిసినవాళ్ళే, పుస్తకం చిన్నది, ఇంగ్లీషులో ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ పేరుతో దొరుకుతుంది. మీరిక్కడ తెలుగులో, తనక్కడ ఇంగ్లీషులో, వారానికొక కథ. ఆదివారం ఫోన్‌లో ‘ఏం వండావు, ఏం తిన్నావు’ అయ్యాక ‘శూర్పణఖ కథ అయిందా?’ అని అడగండి. తనకి నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదో చెప్పనివ్వండి, మధ్యలో దిద్దొద్దు. అబ్బాయి క్రికెటర్ల జీవిత కథలో, బిజినెస్ పుస్తకాలో చదువుతుంటే అవీ పుస్తకాలే, ‘నువ్విప్పుడేం చదువుతున్నావురా’ అని మీరే ముందు అడగాలి. అడిగేవాళ్ళు లేరనే కదా మీ బాధ, వాణ్ణి ఎవరు అడుగుతున్నారు?

బియ్యం డబ్బా వెనక నుంచి మాత్రం ఇవాళే తీసేయండి. మీరు దొంగతనం చేయట్లేదు. లైబ్రరీ పుస్తకం టీవీ పక్కన, అందరికీ కనపడేటట్టు పెట్టండి. ఎవరైనా మాటంటే ‘చదువుకుంటున్నా’ అని ఒక్క మాట చెప్పి పేజీ తిప్పండి. మీరు కట్టే ఇంటి పన్నుతో పాటే రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు కూడా పోతోంది, కాబట్టి అది మీ సొంత లైబ్రరీ అనుకోండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడు వెళ్తే మీలా ఒంటరిగా వచ్చి పుస్తకం మార్చుకుపోయే ఆడవాళ్ళు కనపడతారు. వాళ్ళ చేతిలో ఏం పుస్తకం ఉందో అడగండి. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి వాళ్ళలో ఒకరితో కలిసి వెళ్ళండి, రైలెక్కితే ఎంతో దూరం లేదు. భర్తే స్నేహితుడూ, భర్తే శ్రోతా, అన్నీ ఆయనే కావాలనుకుంటే ఆయనకీ బరువే, మీకూ బరువే.

సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదని రాశారు. కథ చదివి ఏడవడం జబ్బు కాదు, అది మంచి పాఠకురాలి లక్షణం. కానీ ఆ దిగులు వారాల తరబడి ఉండి, నిద్రా ఆకలీ కూడా తగ్గి, చివరికి పుస్తకం పట్టుకోవాలని కూడా అనిపించకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి. మీ వయసులో శరీరంలో వచ్చే మార్పులు కూడా కారణం కావచ్చు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మనసు బాగోలేనప్పుడు సాయం చేసే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నేనేం చదువుతున్నానని అడిగారు, ఈమధ్య నన్నలా అడిగినవాళ్ళు లేరు, సంతోషమనిపించింది. మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ మళ్ళీ తీశాను. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికతో దశాబ్దాల పాటు మనలాంటి వాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్పినావిడ. ఈ పుస్తకంలో ప్రపంచ నవలల్ని ఒక్కోదాన్ని కొన్ని పేజీల్లో తెలుగులో చెప్పేస్తారు. ఎక్కడో పరాయి దేశంలో జరిగిన కథ కూడా మన వీధిలో జరిగినట్టే ఉంటుంది. ఎవరెవరికి ఏమవుతారో ముందే తేల్చేస్తారు, పేర్లు ఎక్కువ వాడి తికమక పెట్టరు, కష్టం వచ్చే చోట మాత్రం ఆగి నెమ్మదిగా చెబుతారు. మీరు అత్తయ్యకి కేశవరెడ్డి కథ చెప్పేముందు అందులో ఒకటి రెండు చదవండి. మీ లైబ్రరీలో లేకపోతే కావాలని అడిగి రాయించండి, తెప్పిస్తారు.